అడ్డం తిరిగినవి

రోస్కిల్డె ఊళ్ళో డిసెంబరులో
మూడున్నరకే దీపాలు పెడతారు.
అఖాతం నీళ్ళు ఇంకా గడ్డకట్టలేదు,
పడవల తాళ్ళు మాత్రం కట్టెలయ్యాయి.
ఆ వేళకి ఆస్గర్ ఎర్రదీపం గదిలోకి పోయి
తలుపు వేసుకుంటాడు.
ముప్పై ఏళ్ళుగా వెలుగుతోనే పని,
కాపురం చీకట్లో.

గాజుపలక మీద ఒక చుక్క వేసి
గిర్రున తిప్పుతుంది త్యూరా.
నారింజతొక్క రంగు పొర,
వెంట్రుకలో వందోవంతు మందం.
అందులో పొడుగాటి గొలుసులు,
విప్పబోతే బిగుసుకునే నూలు చిక్కు.
గొలుసు పొడుగునా పక్కలకి వేలాడే పుల్లలు:
మెత్తని కాడ, కాడ చివర రెండు ఉంగరాలు,
ఉంగరాల నడుమ చేతులు పట్టుకున్న
రెండు నైట్రోజన్లు.
పుస్తకాల్లో దీని పేరు అజోబెంజీన్.
ఈ గదిలో పుల్లే.

ఆకుపచ్చ కాంతి తగిలిందా,
పుల్ల నడుము దగ్గర వంగుతుంది.
నిటారవుతుంది. మళ్ళీ తగుల్తుంది. మళ్ళీ వంగుతుంది.
కాంతి ఊగే వైపు తలపెట్టుకున్నంతసేపూ
దానికి కుదురు లేదు.
వంగీ లేచీ, లేచీ వంగీ
ఎప్పుడో ఒకసారి
అడ్డం తిరుగుతుంది.
అడ్డం తిరిగినదాని జోలికి
వెలుగు పోదు.
ఇక అక్కడే పడుకుంటుంది.

"మా మేనమామా ఇంతే" అన్నాడు ఆస్గర్.
"అత్త తిట్లు వినబడని కుర్చీ దొరికేదాకా
బల్ల చుట్టూ మారేవాడు."

త్యూరా నవ్వలేదు. ఆమె లెక్క వేరే.
ఈసారి పొరలో పది పుల్లలకి ఒక్కటే
వెలుగు తెలిసింది.
తక్కిన తొమ్మిదీ గుడ్డివి,
ఆకుపచ్చ వాటి గుండా పోతుంది
కిటికీలోంచి పోయినట్టు.
పది నిమిషాలు లేజరు వేసి కొలిచింది.
పదీ తిరిగాయి.
తప్పు పడిందని మళ్ళీ కొలిచింది.
పదీ.

ఒరుసుకుని పడుకునేవాళ్ళకి
వెలుగే వచ్చి చెప్పాలా?
ఇరుకు మంచం మీద ఒకడు ఒత్తిగిలితే
పక్కవాడు నిద్రలోనే ఒత్తిగిలుతాడు,
వాడి పక్కవాడూ.
పొద్దున్నే అడిగితే
ఎవడికీ ఏమీ తెలీదు.

సరిపోల్చుకోడానికి పాత పొర కావలసొచ్చింది.
అడుగు సొరుగులో దొరికింది ఒకటి.
మూల మీద పెన్సిలు రాత: ఐవిన్.
తేదీ పదిహేడేళ్ళ కిందటిది.
ఐవిన్ పోయి ఆరేళ్ళు.
కంటికి ఖాళీ పలకే.
ఆస్గర్ సన్నని ఎర్ర కిరణం పెట్టాడు.
ఎదుటి గోడ మీద చుక్కలు:
నడుమ ఒకటి,
అటు రెండు, ఇటు రెండు.
పదిహేడు చలికాలాలు
ఐవిన్ పడుకోబెట్టిన తీరునే
పడుకుని ఉన్నాయి.

"దాచెయ్యి" అంది త్యూరా.
"కాఫీ కాగితం ఆరబెట్టి రెండోసారి వాడే మనిషి వాడు.
దాస్తే తిడతాడు."
వేడిపలక మీద పెట్టాడు.
అరవై. డెబ్బై.
ఎనభై దాటాక గొలుసులు వదులయ్యాయి.
చివరి చుక్కలు ముందు పోయాయి,
తర్వాత లోపలివి,
కుడివైపుది కాసేపు పెనుగులాడింది.
నడుమది మిగిలింది.
అది ఎవరూ రాసింది కాదు,
ఏ గాజు అడ్డుపెట్టినా ఉండేదే.

ఆస్గర్ గోడకేసి తిరిగి నిలబడిపోయాడు.
ఐవిన్‌ని త్యూరా ఎరగదు.
ఫొటో కూడా చూడలేదు.
అంకె రాసుకోవాలని పెన్ను మూత తీసింది,
తీసిన మూత చేతిలోనే ఉంది.
ఎప్పుడు తిరిగిందో,
ఆమే గోడకేసి నిలబడి ఉంది,
వేడిపలక టిక్కుమని ఆరేదాకా.